అల కోసం రెండున్నర కోట్లు

గత వేసవిలో డల్లాస్ నుంచి మా మేనల్లుడు ఫోను చేశాడు. "మామయ్యా, మేం నలుగురం కలిసి ఒక పడవ కొందామనుకుంటున్నాం. మూడు లక్షల డాలర్లు చెబుతున్నారు. పడవల సంగతి నీకు తెలుసు కదా, అంత ధర ఎందుకంటావు?" అని అడిగాడు. డాలరు 85 రూపాయలని లెక్క వేసుకున్నా రెండున్నర కోట్లు దాటుతుంది. మాది కోనసీమ. వైనతేయ పాయ ఒడ్డున పుట్టి పెరిగాను. సరుకు మోసే నావ, రేవు దాటించే పంటు, వేటకు వెళ్ళే ఫైబర్ బోటు, పాపికొండలకు తీసుకెళ్ళే లాంచి, ఇవన్నీ ఎరిగినవాణ్ణే. కానీ పాతిక అడుగులైనా లేని పడవకు రెండున్నర కోట్లు ఎందుకవుతాయో వెంటనే చెప్పలేకపోయాను.

తరువాత వాడు ఒక వీడియో పంపాడు. పడవ నింపాదిగా వెళుతోంది, వెనక భాగం నీటిలోకి బాగా కుంగి ఉంది. దాని వెనక నడుమెత్తు అల ఒకటి విరగకుండా పడవతో పాటే నడుస్తోంది. పలక మీద నిలబడిన కుర్రాడు చేతిలోని తాడును పడవలోకి విసిరేశాడు. ఇక అతన్ని లాగేదేమీ లేదు. అల వాలు మీద తనంతట తానే జారుతూ పడవ వెంట వస్తున్నాడు. చూడడానికి ఎంతో బాగుంది. రెండోసారి చూసినప్పుడు మాత్రం నా కళ్ళు ఒడ్డు మీదికి పోయాయి. పడవ దాటిపోయిన కొంతసేపటికి అక్కడ కట్టేసి ఉన్న చిన్న దోనె ఎగిరి పడింది. గట్టు వెంట నీళ్ళు మట్టిరంగుకు తిరిగాయి. వాడి ప్రశ్నకు జవాబు వెతకడం అక్కడి నుంచి మొదలుపెట్టాను.

ఈ పడవను వేక్ బోటు అంటారు. వేక్ అంటే పడవ నీటిని చీల్చుకుపోతుంటే వెనక లేచే అలల జాడ. ఈ పడవ అమ్మేది ఆ జాడనే. అయితే ఈ రకం పడవలు తయారుచేసే కంపెనీలలో పాతవి మొదట్లో పేరు తెచ్చుకున్నది సరిగ్గా దీనికి వ్యతిరేకమైన గుణంతో, అంటే అల లేపకుండా పరుగెత్తే పడవలతో.

1922 జూలైలో మిన్నెసోటా రాష్ట్రంలోని పెపిన్ సరస్సు మీద రాల్ఫ్ శామ్యూల్సన్ అనే 18 ఏళ్ళ యువకుడు పడవ వెనక తాడు పట్టుకుని నీటి మీద నిలబడి చూపించాడు. అంతకుముందు పీపాల చెక్కలతో, మంచు మీద వాడే స్కీలతో ప్రయత్నించి మునిగాడు. చివరికి పొడవాటి చెక్కలు రెండు తెచ్చి, వాటి కొసలను తల్లి రాగి పాత్రలో వేడినీళ్ళలో ఉడికించి పైకి వంచాడు. వాటర్ స్కీయింగ్ పుట్టింది అలాగే. అది పోటీ ఆటగా మారాక పడవ మీద కోరిక కూడా మారింది. స్లాలమ్ పోటీలో పురుషులకు పడవ గంటకు 58 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆటగాడు వరసగా ఆరు బోయాలను, అంటే నీటి మీద తేలే గుర్తులను, చుట్టి రావాలంటే పడవ అలను మళ్ళీ మళ్ళీ దాటాలి. ఆ వేగంలో అల గట్టిగా తగిలితే కాలు పట్టు తప్పుతుంది. అందుకే అడుగు భాగం చదునుగా, బరువు తక్కువగా, ఇంజిను సరిగ్గా మధ్యలో ఉండే పడవలు వచ్చాయి.

ఫ్లోరిడాలో 1925లో మెలూన్ కుటుంబం మొదలుపెట్టిన కరెక్ట్ క్రాఫ్ట్ కంపెనీ ఈ పనిలో పేరు తెచ్చుకుంది. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1945లో, అమెరికా సైన్యం రైన్ నది దాటడానికి 400 పడవలను కొద్ది రోజుల్లో తయారుచేసి ఇచ్చినవాళ్ళు వీళ్ళే. 1960ల మొదట్లో వీళ్ళ స్కీ నాటిక్ అనే పడవ ఫైబర్ గ్లాసుతో వచ్చింది. 1968లో రాబ్ షర్లీ అనే స్కీ శిక్షకుడు, తనకు దొరికే పడవల అల నచ్చక, టెన్నెసీలో ఒక గుర్రపుశాలలో సొంతంగా పడవ కట్టుకున్నాడు. ఇవాళ్టి మాస్టర్ క్రాఫ్ట్ అదే. 1982లో కాలిఫోర్నియాలో మాలిబూ కంపెనీ వచ్చింది. ఆ రోజుల్లో కొనేవాడు పడవను వేగంగా నడిపించి, వెనక్కి తిరిగి నీళ్ళు ఎంత చదునుగా ఉన్నాయో చూసుకునేవాడు.

తారుమారు చేసినది ఒక పలక. 1985లో శాన్ డియేగోలో టోనీ ఫిన్ అనే సర్ఫర్ సముద్రపు పలకకూ స్కీకీ మధ్యస్థంగా ఒకటి చేసి పడవ వెనక కట్టాడు. 1990లో హెర్బ్ ఓబ్రయన్ దాన్ని సన్నగా, అలను కోసుకుపోయేలా మార్చి హైపర్‌లైట్ పేరుతో తెచ్చాడు. ఈ పలక మీద నిలబడ్డవాడికి అల అడ్డంకి కాదు, గాలిలోకి ఎగరడానికి అదే మెట్టు. కానీ ఉన్న పడవలన్నీ అల లేకుండా ఉండాలని కట్టినవి. కుర్రాళ్ళు పడవ వెనక నీళ్ళ సంచులు వేశారు, సీసపు దిమ్మలు పెట్టారు, నలుగురు స్నేహితులను అదనంగా ఎక్కించుకున్నారు. కంపెనీలు ఇది గమనించి నీటి ట్యాంకులను పడవ అడుగులోనే అమర్చడం మొదలుపెట్టాయి. 1990ల చివర్లో తాడు కట్టడానికి ఎత్తయిన అల్యూమినియం చట్రం వచ్చింది. తాడు పైనుంచి లాగితే ఆటగాడు ఇంకా ఎత్తుకు లేస్తాడు.

తాడు వదిలేసి అల మీదే జారే ఆట, మా వాడు పంపిన వీడియోలోది, ఆ తరువాత ఊపందుకుంది. దీనికి గంటకు 16 నుంచి 19 కిలోమీటర్ల వేగం చాలు. కానీ అల పెద్దదిగా, నున్నగా, చాలా పొడవుగా ఉండాలి. మొదట్లో బరువులన్నీ ఒకవైపుకు చేర్చి, పడవను పక్కకు ఒరిగించి నడిపేవారు. 2012లో మాలిబూ సర్ఫ్ గేట్ తెచ్చింది. పడవ వెనక అంచున రెండు పలకలు ఉంటాయి. ఒకటి బయటికి తెరుచుకుంటే పడవ వెనక రెండువైపుల నీళ్ళు కలిసే చోటు జరిగి, పడవ ఒరగకుండానే రెండోవైపు అల శుభ్రపడుతుంది. మీట నొక్కితే అల ఎడమ నుంచి కుడికి మారుతుంది. పోటీ కంపెనీలు ఇలాంటివే తెచ్చాయి. పేటెంట్ల మీద మాలిబూ కోర్టుకు వెళ్ళింది. పెద్ద కంపెనీలతో రాజీలు కుదిరి, లైసెన్సు రుసుములు మొదలయ్యాయి. అవి కూడా చివరికి కొనేవాడి ఖాతాలోకే వెళతాయి.

ఇక మేనల్లుడి ప్రశ్న. ధరకు మూలం నీళ్ళ బరువు. పెద్ద రకాల్లో ట్యాంకులన్నీ నింపితే సుమారు రెండు టన్నుల నీళ్ళు. మన లెక్కలో 75 కిలోల ధాన్యం బస్తాలు దాదాపు 27. మన నావలు బస్తాలు మోసి కిరాయి సంపాదించాయి. ఇది పడవ వెనక భాగం నీటిలో కుంగడం కోసమే ఆ బరువును మోస్తుంది. అంత బరువును కదిలించాలంటే 400 నుంచి 600 అశ్వశక్తి ఇంజిను కావాలి. కార్లకూ ట్రక్కులకూ వాడే ఎనిమిది సిలిండర్ల ఇంజినునే తీసుకుని, నీటికి తగ్గట్టు చల్లదనం ఏర్పాట్లు, ఎగ్జాస్టు మార్చి బిగిస్తారు. నీటిని తన్నే ఫ్యాను (ప్రొపెల్లరు) పడవ వెనక బయటికి ఉండకుండా అడుగున లోపలికి ఉండాలి, లేకపోతే దగ్గరగా ఉన్న ఆటగాడి ప్రాణానికే ప్రమాదం. మన బోట్లకు వెనక బయట బిగించే అవుట్‌బోర్డు ఇంజిను ఈ ఆటకు పనికిరానిది ఇందుకే. ఆ బరువంతా తట్టుకోవాలంటే పడవ చట్రం గట్టిగా ఉండాలి. పడవ బరువెక్కితే దాన్ని ఒడ్డుకు లాగే ట్రైలరు పెద్దది కావాలి, ట్రైలరును లాగే ట్రక్కు కూడా పెద్దది కావాలి. ఒక కోరిక తీర్చడానికి ఇంకో ఖర్చు, దాని వెనక మరొకటి.

కట్టే పని కూడా చవక కాదు. తాళ్ళరేవు వైపు ఒక షెడ్డులో వేట బోటు పోస్తుండగా ఒక పూట కూర్చుని చూశాను. అచ్చుకు మైనం పట్టించి, రంగుపూత వేసి, దాని మీద గ్లాసు పీచు మ్యాటు పరిచి, గట్టిపడే జిగురు లాంటి రెజిన్‌తో తడుపుతారు. ఇద్దరు మనుషులు రోలరుతో అంగుళం అంగుళం నొక్కుతూ గాలిబుడగలు తీస్తారు. ఒక్క బుడగ మిగిలినా రేపు అక్కడే పగులు వస్తుంది. ఆ ఘాటు వాసనకు నాకు కళ్ళు నీళ్ళు తిరిగాయి, వాళ్ళు మాత్రం వంచిన నడుము ఎత్తలేదు. టెన్నెసీ ఫ్యాక్టరీలలోనూ మూలంలో జరిగేది ఇదే పని. యంత్రాలు ఎన్ని వచ్చినా మ్యాటు పరిచేది మనిషి చెయ్యి. అక్కడ ఆ చేతికి ఇచ్చే కూలీ వేరు.

దీని మీద సోకులు. తెర మీద వేలితో తాకితే మనిషి పేరును బట్టి వేగం, నీళ్ళ బరువు, పడవ వెనక పలకల వాలు అన్నీ అమరిపోతాయి. ఉపగ్రహ సంకేతాలతో వేగం తగ్గకుండా పెరగకుండా నిలుస్తుంది. వెచ్చబడే సీట్లు, తాడు కట్టే చట్రానికి స్పీకర్లు, రేవులో పక్కకు జరగడానికి చిన్న మోటారు. వీటిలో వేగ నియంత్రణ నిజంగా పనికొచ్చేది. వెచ్చటి సీట్ల దగ్గరికి వచ్చేసరికి పడవ పని దాటి పోయామనే నా అభిప్రాయం.

ఇరవై ఏళ్ళ కిందట ఈ తరగతి పడవ ఇవాళ్టి ధరలో మూడో వంతుకు దొరికేది. ఇప్పుడు ఒక మోస్తరు కొత్త పడవే లక్షన్నర, రెండు లక్షల డాలర్ల దగ్గర ఉంది. పై రకాలు మూడు లక్షలు దాటాయి. పదిహేను, ఇరవై ఏళ్ళ వాయిదాల మీద అప్పులు దొరకడం వల్ల నెలసరి సొమ్ము చిన్నదిగా కనిపించి, అసలు ధర మీద చూపు ఆగదు. 2020లో కరోనా వచ్చాక అమెరికాలో జనం సరస్సుల మీద పడ్డారు. వడ్డీ తక్కువ, గిరాకీ ఎక్కువ. ఇంజిన్లకు, రెజిన్‌కు, చిప్పులకు కొరత. ధరలు ఎగబాకాయి. తరువాత వడ్డీలు పెరిగి గిరాకీ పడిపోయింది. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో మాలిబూ సంస్థ అమ్మకాలు సుమారు 139 కోట్ల డాలర్లు, మరుసటి ఏడాది 83 కోట్లు. ధరలు మాత్రం అమ్మకాలతో పాటు దిగిరాలేదు. 2025లో అల్యూమినియం మీద అమెరికా వేసిన సుంకాలు వాటికి తోడయ్యాయి.

మన దేశానికి తెప్పించుకోవాలంటే ఇంకా భారం. దిగుమతి సుంకం కాక, వినోద పడవల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 40 శాతమైంది. వేట పడవలకు అది 5 శాతమే. ఈ తేడా న్యాయమైనదే.

ధర సంగతి ఇంతవరకు. ఇక ఆ వీడియోలో నాకు కనిపించిన మట్టిరంగు గురించి చెప్పాలి. మా చిన్నప్పుడు పాయలో లాంచి వస్తున్న చప్పుడు వినగానే రేవులో అంట్లు తోముకుంటున్న ఆడవాళ్ళు గిన్నెలను పై మెట్టుకు జరిపేవారు. ముందు నీళ్ళు వెనక్కి తగ్గి, నాచు పట్టిన అడుగు మెట్టు బయటపడేది. ఒక్క క్షణం ఆగి, నీళ్ళు తిరిగి వచ్చి మూడో మెట్టును కొట్టేవి. రేవు రాతిది కాబట్టి నిలిచింది. దాని పక్కన మట్టి గట్టు ఏటేటా లోపలికి జరిగింది. గెడ వేసి నెట్టే నావ, గట్టు మీద నడుస్తూ తాడుతో లాగే నావ వెళ్ళినప్పుడు రేవులో ఒక గిన్నె కూడా కదిలేది కాదు.

ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసినప్పుడు, కాలువలను సాగుకే కాక పడవలకు కూడా తవ్వించారు. నీటిమట్టం మార్చి పడవలను దాటించే లాకులు కట్టింది అందుకే. సరుకు రవాణాకు రైలు కన్నా పడవే చవకని ఆయన గట్టిగా వాదించారు. ఆ కాలువలూ, వాటి మట్టి గట్లూ సుమారు పది లక్షల ఎకరాలకు ఆధారం. వాటి మీద పడవ నడవాలంటే గట్టును కాపాడుతూ నడవాలి. ఆ కాలపు పడవలు అలాగే నడిచాయి.

అల శక్తి దాని ఎత్తుతో పాటే పెరగదు. ఎత్తు రెండింతలైతే శక్తి నాలుగింతలు. మిన్నెసోటా విశ్వవిద్యాలయం సెయింట్ ఆంథొనీ ఫాల్స్ ప్రయోగశాల పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనంలో, వేక్ బోటు అల మామూలు పడవ అల స్థాయికి తగ్గాలంటే ఒడ్డు నుంచి 500 అడుగులకు పైగా దూరం కావాలని చెప్పారు. 2024లో వెర్మాంట్ రాష్ట్రం నియమం పెట్టింది: ఒడ్డుకు 500 అడుగుల దూరం, కనీసం 20 అడుగుల లోతు, అలాంటి నీళ్ళు ఒకేచోట 50 ఎకరాలకు తగ్గకుండా ఉంటేనే అల లేపే ఆటలు. ఫ్యాను వెనక తన్నే నీటి ఉరవడి అడుగు బురదను లేపుతుంది కాబట్టి లోతు లెక్క కూడా పెట్టారు.

ఈ లెక్కలు మనకు ఎందుకంటే, డెల్టాలో నీటి ఆటల మాట ఇప్పుడు గట్టిగానే వినిపిస్తోంది. రాజమహేంద్రవరంలో అఖండ గోదావరి పర్యాటక ప్రాజెక్టుకు 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. ఆత్రేయపురంలో సంక్రాంతికి కాలువ మీద డ్రాగన్ పడవల పోటీలు పెట్టారు. తెడ్డుతో నడిచే ఆ పోటీలంటే నాకు ఎంతో ఇష్టం, వాటివల్ల గట్టుకు భయం లేదు. అయితే రేపు ఎవరైనా వేక్ బోటు తెస్తామంటే ఎక్కడ నడపాలి? 500 అడుగులంటే 150 మీటర్లు. రెండు ఒడ్లకూ అంత వదలాలంటే 300 మీటర్లకు మించిన వెడల్పు ఉండాలి. మన కాలువలేవీ ఆ దరిదాపులకు రావు. రాజమహేంద్రవరం, కొవ్వూరు మధ్య నది రెండున్నర కిలోమీటర్లకు పైనే ఉంటుంది. వెడల్పు సరిపోతుంది. కానీ వేసవిలో అక్కడ ఇసుక మేటలు తేలే చోట్లు ఎన్నో, ఇరవై అడుగుల లోతు ఏడాది పొడవునా నిలిచే చోటు ఎక్కడో ముందు కొలిచి చూడాలి. ఆట కావాలంటే ఇంకో దారి ఉంది. జర్మనీలో బ్రూనో రిక్సెన్ అనే ఇంజినీరు దశాబ్దాల కిందటే స్తంభాల మధ్య తీగ నడిపి దానితోనే ఆటగాణ్ణి లాగే పద్ధతి రూపొందించాడు. పడవ అక్కర్లేదు. ఒక చెరువు చాలు, గట్టుకు తగిలే అల లేదు.

మేనల్లుడికి ఇదంతా పూసగుచ్చినట్టు రాసి పంపాను. పడవ సంగతి తరువాత, ముందు వాళ్ళు నడపాలనుకుంటున్న సరస్సు లోతెంతో, ఒడ్డున ఎవరి ఇళ్ళున్నాయో కనుక్కోమన్నాను. రెండు రోజులకు జవాబు వచ్చింది. వాళ్ళు చూసుకున్న మలుపు దగ్గర లోతు పన్నెండు అడుగులేనట. నలుగురూ ఇంకో సరస్సు కోసం వెతుకుతున్నారు.