టారిఫ్ బిల్లు ఎవరి పేరు మీద వస్తుంది? రొయ్య నుంచి బేస్‌బాల్ దాకా అపోహలు - వాస్తవాలు

టారిఫ్‌ల (దిగుమతి సుంకాల) మీద ఇప్పుడు అందరికీ ఓ అభిప్రాయం ఉంది. టీవీ చర్చల్లోనూ, వాట్సాప్ గ్రూపుల్లోనూ, డాలస్ నుంచి ఫోన్ చేసే బంధువుల మాటల్లోనూ వినిపిస్తూనే ఉంటాయి. ఎగుమతి దిగుమతుల కాగితాలు రోజూ చూసేవాళ్లకు ఆ మాటల్లో ముందుగా కనిపించే లోపం ఒకటే. సుంకం ఎవరి పేరు మీద పడుతుంది, ఏ విలువ మీద పడుతుంది అన్న రెండు ప్రశ్నలూ ఎవరూ అడగరు. ఆ రెండూ తేలకుండా దేశం గెలిచిందని గానీ ఓడిందని గానీ చెప్పలేం.

కింద చెప్పిన అమెరికా రేట్లు ఆయా తేదీల నాటివి. రేట్లు తరచూ మారతాయి. షిప్‌మెంట్ ముందు ఆ రోజు రేటు చూసుకోవాల్సిందే. లెక్క పద్ధతి మాత్రం మారదు.

అపోహ: అమెరికా మన మీద టారిఫ్ వేస్తే ఆ డబ్బు ఇండియా కడుతుంది.

వాస్తవం: అమెరికా రేవులో సుంకం కట్టేది అక్కడి కస్టమ్స్ కాగితాల్లో దిగుమతిదారుగా నమోదైన వ్యక్తి లేదా సంస్థ. సరుకు విడుదలైన 10 పని దినాల్లోపు ఎంట్రీ సమ్మరీ (సరుకు విలువ, సుంకం వివరాల పత్రం) దాఖలు చేసి, అంచనా సుంకం జమ చేయాలి. అంతకన్నా ముందే కస్టమ్స్ బాండ్, అంటే సుంకం చెల్లింపుకు హామీ పత్రం, ఉండాలి. ఏడాది పొడవునా చెల్లే బాండ్ కనీసం 50,000 డాలర్లు. మామూలుగా గత 12 నెలల్లో కట్టిన సుంకాలు, ఫీజుల్లో 10 శాతం చొప్పున దాన్ని లెక్కగడతారు. ఏడాదికి 2 లక్షల డాలర్ల సుంకం కట్టే సంస్థకు కనీస బాండ్ చాలు. అదే సుంకం 20 లక్షలకు చేరితే బాండ్ 2 లక్షలు కావాలి. బాండ్ చాలదని నోటీసు వచ్చిందంటే కొత్తది సమర్పించేదాకా సరుకు విడుదల చిక్కుల్లో పడుతుంది. అది రీఫర్ (శీతల) కంటైనరైతే కరెంటు ప్లగ్ చార్జీలు, డెమరేజ్ (గడువు దాటి రేవులో ఉంచినందుకు రుసుము) రోజుకింత చొప్పున ఎక్కుతూనే ఉంటాయి. టారిఫ్ వార్తల్లో ఈ బాండ్ ఊసే రాదు. చిన్న దిగుమతిదారు ముందుగా కూలబడేది మాత్రం ఇక్కడే.

రొయ్యల విషయంలో ఇంకో మెలిక ఉంది. మన ఎగుమతిదారులు చాలామంది డీడీపీ పద్ధతిలో అమ్ముతారు, అంటే సుంకం కట్టి కొనుగోలుదారు గోదాము దాకా సరుకు చేర్చే బాధ్యత అమ్మేవారిదే. అప్పుడు అమెరికా కాగితాల్లో దిగుమతిదారు కూడా వీళ్లే అవుతారు. రొయ్యకు అమెరికాలో మామూలు సుంకం సున్నా. దాని మీద 2005 నుంచి యాంటీ డంపింగ్ సుంకం (మరీ తక్కువ ధరకు అమ్ముతున్నారని వేసేది), 2024 చివర్లో వచ్చిన కౌంటర్‌వెయిలింగ్ సుంకం (ప్రభుత్వ సబ్సిడీకి విరుగుడుగా వేసేది) ఉన్నాయి. విడిగా రేటు తేలని కంపెనీలకు ఈ రెండోది 5.77 శాతం. వీటి మీద 2025 ఆగస్టు 7 నుంచి 25 శాతం, ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం పడ్డాయి. యాంటీ డంపింగ్‌లో ఇంకో ప్రమాదం ఉంది. రేవులో కట్టేది డిపాజిట్ మాత్రమే. అసలు రేటు తర్వాత జరిగే వార్షిక సమీక్షలో తేలుతుంది. అది పెరిగితే ఎప్పుడో అమ్మేసి, డబ్బు కూడా వసూలైన సరుకు మీద మళ్లీ వడ్డీతో బిల్లు వస్తుంది.

డీడీపీ ఇన్వాయిస్‌లో తరచూ జరిగే తప్పు సుంకం కలిసిన ధర మీదే మళ్లీ సుంకం లెక్కేయడం. ధర 1,60,000 డాలర్లు అనుకుందాం. అందులో ఓడ కిరాయి, బీమా కలిపి 10,000. మిగిలిన 1,50,000లో సుంకం కూడా ఉంది. రేటు 50 శాతమైతే సరుకు అసలు విలువ 1,00,000, సుంకం 50,000. అలా విడదీయకుండా 1,50,000 మీద 50 శాతం వేస్తే 75,000 కట్టాలి. ఒక్క కంటైనర్ మీద 25,000 డాలర్లు వృథా. ఈ తగ్గింపు కావాలంటే కిరాయి, బీమా, సుంకం ఇన్వాయిస్‌లో వేర్వేరు వరుసల్లో చూపించాలి. ‘అన్నీ కలిపి’ అని రాస్తే కస్టమ్స్ ఒప్పుకోదు. (లెక్క తేలిగ్గా ఉండాలని ఇక్కడ మిగతా రెండు సుంకాలూ, ఫీజులూ వదిలేశాం.)

బిల్లు ఎవరి పేరు మీద వచ్చినా చివరికి భారం దిగేది ఆగలేని వాడి మీద. పట్టుబడికి వచ్చిన చెరువును భీమవరం రైతు నెలలపాటు ఆపలేడు. మేత ఖర్చు ఆగదు, వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ భయం పోదు. అమెరికాలో కొనేవాడికి ఈక్వెడార్ రొయ్య ఉంది. అందుకే సుంకం ప్రకటన వచ్చిన వారంలోనే, ఆ రేటు ఇంకా అమల్లోకి రాకముందే, చెరువు గట్టు మీద కౌంట్ ధరలు తగ్గుతాయి. ధరలు పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. మన దగ్గర 30 కౌంట్ అంటే కిలోకు తలతో 30 రొయ్యలు. అమెరికా అట్టపెట్టె మీద 31/40 అంటే పౌనుకు 31 నుంచి 40, అదీ ఎక్కువగా తల తీసినవి. ఈ రెండు ధరలూ పక్కపక్కన పెట్టి ‘మధ్యలో ఇంత దోపిడీ’ అని రాయడం తప్పు.

అపోహ: 50 శాతం సుంకమంటే షాపులో ధర 50 శాతం పెరుగుతుంది.

వాస్తవం: అమెరికాలో సుంకం సరుకు ఓడెక్కేనాటి విలువ మీద పడుతుంది. షాపు ధరలో నిల్వ, రవాణా, టోకు వ్యాపారి, చిల్లర వ్యాపారి వాటాలన్నీ ఉంటాయి. 4 డాలర్ల సరుకు షాపులో 10 డాలర్లకు అమ్ముడైతే, 2 డాలర్ల సుంకం మొత్తం కొనేవాడి మీదే వేసినా పెరుగుదల 20 శాతం.

ఇండియాలో లెక్క వేరు. ఓడ కిరాయి, బీమా కలిపిన విలువ మీద వేస్తారు. పైగా ‘10 శాతం’ అన్న మాట వట్టి మొదటి మెట్టు. విలువ 100 రూపాయలైతే బేసిక్ సుంకం 10, దాని మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి 1, ఆ మొత్తం 111 మీద 18 శాతం ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ) 19.98. చేతి నుంచి పోయేది 30.98. జీఎస్టీ నమోదు ఉన్న వ్యాపారికి ఐజీఎస్టీ క్రెడిట్‌గా తిరిగి వస్తుంది, మిగతా 11 రాదు. సొంత వాడకానికి తెప్పించుకునేవాళ్లకు మొత్తం ఖర్చే.

అపోహ: వియత్నాం మీదుగానో, దుబాయ్ మీదుగానో పంపితే గొడవ వదులుతుంది.

వాస్తవం: కస్టమ్స్ చూసేది ఓడ ఎక్కడ బయల్దేరిందని కాదు, సరుకు ఏ దేశానిదని. మూలం మారాలంటే వస్తువు రూపం, పేరు, వాడకం నిజంగా మారేంత పని జరగాలి. తల తీసి, ఒలిచి, మళ్లీ గడ్డకట్టిస్తే మన రొయ్య వియత్నాం రొయ్య అవదు. సుంకం ఎగ్గొట్టడానికి దారి మళ్లించిన సరుకని తేలితే, ఆ దేశం రేటు బదులు 40 శాతం అదనపు సుంకం, దాని మీద జరిమానాలు అని 2025 జులై 31 నాటి అమెరికా ఉత్తర్వు చెప్పింది. ‘అందరూ చేస్తున్నారు’ అని సలహా ఇచ్చే ఏజెంటు మాట వినకండి. కేసు ముందుగా వచ్చేది దిగుమతిదారు మీదే.

అపోహ: వాణిజ్య లోటు అంటే ఎదుటి దేశం మనల్ని మోసం చేసినట్టు.

వాస్తవం: 2025 ఏప్రిల్ 2న అమెరికా ప్రకటించిన దేశాలవారీ రేట్లు ఆయా దేశాలు వేసే సుంకాలను లెక్కగట్టి తీసినవి కావు. 2024లో ఇండియాతో అమెరికా సరుకుల లోటు దాదాపు 4,570 కోట్ల డాలర్లు. ఇండియా నుంచి దిగుమతులు దాదాపు 8,740 కోట్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 52 శాతం. అందులో సగం 26. అప్పుడు మనకు ప్రకటించిన రేటు అదే. ఇందులో మన సుంకాల పట్టిక ఎక్కడా లేదు. సేవలూ లేవు. హైదరాబాద్ నుంచి వెళ్లే సాఫ్ట్‌వేర్ పనికి రేవు లేదు, కంటైనర్ లేదు. అమెరికా కంపెనీలు మన దగ్గర క్లౌడ్, ప్రకటనలు, సినిమా చందాల మీద సంపాదించేదీ ఆ లోటు లెక్కలోకి రాదు.

మన సుంకాలు ఎక్కువన్న మాటలో మాత్రం నిజం ఉంది, ముఖ్యంగా వ్యవసాయంలో. అది దాచాల్సిన పని లేదు. వాదించేటప్పుడు సరైన లెక్కతో వాదించాలి, అంతే.

అపోహ: దిగుమతి సుంకం పెంచితే రైతుకు మేలు, అక్కడితో కథ అయిపోయింది.

వాస్తవం: పామాయిల్ చూడండి. అశ్వారావుపేట, దమ్మపేట, ఏలూరు, గోదావరి జిల్లాల ఆయిల్ పామ్ రైతుకు ఇది నేరుగా తగులుతుంది. ఎందుకంటే గెలల ధరను ముడి పామాయిల్ ధర, గెల నుంచి వచ్చే నూనె శాతం ఆధారంగా నెలనెలా నిర్ణయిస్తారు. 2024 సెప్టెంబరు 14న కేంద్రం ముడి వంటనూనెల బేసిక్ సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచింది. దానికి 5 శాతం వ్యవసాయ సెస్సు, ఆ రెండింటి మీద 10 శాతం సర్‌చార్జి కలిస్తే 27.5. శుద్ధి నూనెకు 35.75. 2025 మే 30న ముడి నూనె బేసిక్ సుంకం 10కి దిగింది, మొత్తం 16.5 అయింది. శుద్ధి నూనె 35.75 దగ్గరే ఆగింది.

ఇక్కడ రైతు, వినియోగదారు కాక మూడో మనిషి ఉన్నాడు: రిఫైనరీ. ముడికీ శుద్ధికీ మధ్య తేడా 8.25 నుంచి 19.25 శాతానికి పెరిగింది. శుద్ధి చేసిన నూనె తెప్పించడం దండగై, ముడి నూనె తెచ్చి ఇక్కడ శుద్ధి చేయడం లాభసాటి అయింది. కాకినాడ, కృష్ణపట్నం రిఫైనరీలకు అది పని. గెలల రైతుకు మాత్రం రక్షణ 11 పాయింట్లు తగ్గింది. ఒకే నోటిఫికేషన్‌లో ఒకరికి ఊతం, ఒకరికి కోత. ‘కేంద్రం రైతు పక్షమా, కాదా’ అనే చర్చలో ఈ తేడా కనిపించదు. మా మటుకు, తోట వేసిన మూడు నాలుగేళ్లకు గానీ కాపు రాని పంట వేయమని రైతును ప్రోత్సహించి, ఆ పంట సుంకాన్ని తొమ్మిది నెలల్లో మార్చడం అన్యాయం.

సుంకం రేటు మారకపోయినా రూపాయల్లో భారం మారుతుంది. పామాయిల్‌కు కేంద్రం పదిహేను రోజులకోసారి టారిఫ్ విలువ ప్రకటిస్తుంది, ఇన్వాయిస్ ధర ఎంతైనా సుంకం దాని మీదే. డాలరు మారకం రేటూ అంతే. నేపాల్ నుంచి సుంకం లేకుండా వచ్చే శుద్ధి నూనె ఇంకో చిల్లు. నేపాల్‌లో పామ్ తోటలు లేవు, ఆ పామాయిల్ ముడి సరుకు బయటిదే.

అపోహ: ప్రెసిడెంట్ అనుకుంటే ఏ సుంకమైనా వేయొచ్చు.

వాస్తవం: అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం 8వ సెక్షన్ ప్రకారం సుంకాలు వేసే అధికారం కాంగ్రెస్‌ది. ప్రెసిడెంట్‌కు ఉన్నది కాంగ్రెస్ చట్టాలు అప్పగించినంతే. 1962 చట్టం 232 సెక్షన్ జాతీయ భద్రత పేరు మీద, 1974 చట్టం 301 సెక్షన్ అన్యాయ వ్యాపార పద్ధతుల మీద. అదే చట్టం 122 సెక్షన్ కింద 15 శాతం దాటకుండా, 150 రోజుల దాకా. ఏ సెక్షన్ కింద వేశారో ఎందుకు పట్టించుకోవాలంటే, కోర్టు సుంకం కొట్టేసినప్పుడు వాపసు వచ్చేదీ రానిదీ దాన్ని బట్టే ఉంటుంది. ఎంట్రీ లిక్విడేట్ అయిన (కస్టమ్స్ సుంకం లెక్క ఖరారు చేసిన) 180 రోజుల్లోపు ప్రొటెస్ట్, అంటే అభ్యంతరం, వేయాలి. కాగితాలు 5 ఏళ్లు దాచాలి.

అపోహ: బేస్‌బాల్ అచ్చమైన అమెరికా సరుకు, దానికి టారిఫ్‌తో ఏం పని?

వాస్తవం: అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్ బంతులు 1980ల చివరి నుంచి కోస్టారికాలోని తురియాల్బాలో తయారవుతున్నాయి. తోలు, నూలు లాంటి ముడి సరుకు అమెరికా నుంచి వెళ్తుంది. కార్క్, రబ్బరు గుండు చుట్టూ ఉన్ని నూలు యంత్రం చుడుతుంది. రెండు తోలు ముక్కలను ఎర్రదారంతో 108 జంట కుట్లు వేసి చేత్తోనే కుడతారు. బరువు 5 నుంచి 5.25 ఔన్సులు, చుట్టుకొలత 9 నుంచి 9.25 అంగుళాలు. బంతికి అమెరికాలో మామూలు సుంకం సున్నా. కోస్టారికాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 2009 నుంచి అమల్లో ఉంది. అయినా 2025 ఏప్రిల్‌లో 10 శాతం, ఆగస్టులో 15 శాతం పడింది. ఒప్పందం ఉంటే చాలు అనుకునేవాళ్లు ఇది గమనించాలి. అందులో ఊరట ఒకటుండేది: వస్తువు విలువలో కనీసం 20 శాతం అమెరికాదైతే, ఆ అదనపు సుంకం మిగతా భాగం మీదే పడేది. అందుకు తోలు, నూలు బిల్లులు చూపించాల్సి వచ్చేది.

వస్తువు వర్గీకరణ ఎంత సూక్ష్మంగా ఉంటుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. బంతి పట్టే తోలు గ్లవ్‌కు మామూలు సుంకం సున్నా. బ్యాట్ పట్టుకునే తోలు గ్లవ్‌కు 3 శాతం.

అపోహ: అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్ అంటే పూర్తి స్వేచ్ఛా మార్కెట్.

వాస్తవం: 1922లో అమెరికా సుప్రీంకోర్టు బేస్‌బాల్ ప్రదర్శనలు అంతర్రాష్ట్ర వాణిజ్యం కిందికి రావని ఏకగ్రీవంగా తేల్చి, గుత్తాధిపత్య నిరోధక చట్టం నుంచి ఆటను బయట ఉంచింది. 1953లో, 1972లో అదే నిలబెట్టింది. అమెరికన్ ఫుట్‌బాల్‌కు 1957లో ఆ మినహాయింపు నిరాకరించింది. 1998లో కాంగ్రెస్ చట్టం చేసి మేజర్ లీగ్ ఆటగాళ్ల ఉద్యోగ విషయాల వరకే దాన్ని తొలగించింది. వేతన పరిమితి లేదు గానీ, 2025లో జట్టు వేతనాల లెక్క 24.1 కోట్ల డాలర్లు దాటితే మొదటిసారి అదనం మీద 20 శాతం, వరుసగా రెండో ఏడు 30, మూడో ఏడు 50 శాతం పన్ను.

జపాన్ ఆటగాడు వచ్చినప్పుడు జరిగేది దాదాపు దిగుమతి వ్యవహారమే. ఒప్పందంలో మొదటి 2.5 కోట్ల డాలర్ల మీద 20 శాతం, తర్వాతి 2.5 కోట్ల మీద 17.5, ఆపై 15 శాతం జపాన్ జట్టుకు ఇవ్వాలి. జపాన్ బౌలర్ (పిచర్) యోషినోబు యమమోటో 2023 డిసెంబరులో లాస్ ఏంజెలెస్ జట్టు డాడ్జర్స్‌తో 32.5 కోట్ల డాలర్లకు కుదిరాడు. 50 లక్షలు, 43.75 లక్షలు, 412.5 లక్షలు కలిపి 506.25 లక్షల డాలర్లు అతని జపాన్ జట్టు ఒరిక్స్‌కు వెళ్లాయి. ఆటగాడి జీతంలోంచి కోయలేదు, పైన కట్టింది కొనుక్కున్న జట్టే. అయితే ఆ 5 కోట్లు ముందే తెలిసిన ఖర్చు కాబట్టి, ఏ జట్టయినా ఆటగాడికి ఇచ్చే అంకె వేసేముందు దాన్ని బడ్జెట్‌లోంచి తీసేసుకునే కూర్చుంటుంది.