సముద్రంలో పొద్దుగుంకిన వియత్నాం

విశాఖ బీచ్‌లో నిలబడి సూర్యాస్తమయం చూడాలంటే సముద్రానికి వీపు పెట్టాలి. వియత్నాం తీరమూ చాలావరకు అంతే, తూర్పు ముఖం. కానీ 1968లో వచ్చిన వియత్నాం యుద్ధ సినిమా ‘ది గ్రీన్ బెరెట్స్’ చివర్లో హాలీవుడ్ హీరో జాన్ వేన్ ఒక వియత్నాం పిల్లవాడితో తీరం వెంట నడుస్తుంటే, సూర్యుడు తాపీగా సముద్రంలోకి దిగిపోతాడు.

ఇది పొరపాటు, నవ్వుకుని వదిలేయొచ్చు. కావాలని చేసిన మార్పుల కథ వేరు.

యుద్ధ సినిమాకు ట్యాంకులు, విమానాలు, యుద్ధనౌకలు కావాలి. అవి ఉండేది సైన్యం దగ్గర. 1927లో ‘వింగ్స్’ టెక్సాస్‌లో తీసినప్పుడు సైన్యం విమానాలతో పాటు వేలమంది సైనికుల్నీ ఇచ్చింది. తొలి ఉత్తమ చిత్రం ఆస్కార్ ఆ సినిమాకే వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి మొహమాటం పోయింది. 1942లో అమెరికా ప్రభుత్వ యుద్ధ సమాచార కార్యాలయం స్టూడియోలకు ఒక మార్గదర్శిని పంపింది. ఈ సినిమా యుద్ధం గెలవడానికి పనికొస్తుందా అన్నది అందులో అసలు ప్రశ్న.

యుద్ధం అయిపోయినా ఆ అలవాటు పోలేదు. 1940ల చివర్లో అమెరికా రక్షణ శాఖ పెంటగాన్‌లో సినిమాల వ్యవహారం చూడటానికే ఒక ఆఫీసు పెట్టారు. స్క్రిప్టు ముందుగా వాళ్లకు పంపాలి. వద్దన్నవి మార్చాలి. మార్చనంటే సామాను రాదు. ఎవరూ ఏదీ నిషేధించరు, కాబట్టి సెన్సార్ అన్న మాటే రాదు. గడుసు ఏర్పాటే!

‘ది గ్రీన్ బెరెట్స్’కి సాయం కోరుతూ వేన్ 1965 డిసెంబరులో ఏకంగా అమెరికా అధ్యక్షుడు జాన్సన్‌కే ఉత్తరం రాశాడు. స్క్రిప్టు సైన్యానికి నచ్చేలా మారింది. షూటింగ్ జార్జియాలోని ఫోర్ట్ బెన్నింగ్ సైనిక స్థావరంలో జరిగింది. అందుకే తెర మీది వియత్నాంలో పైన్ చెట్లు కనిపిస్తాయి. ఇంతా చేసి సైన్యం వేసిన బిల్లు సుమారు 18,600 డాలర్లు. ఇంత తక్కువేంటని అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో గొడవైంది. కథలో యుద్ధాన్ని నమ్మని విలేకరి ఒకడుంటాడు. వియత్నాం వెళ్లి కళ్లారా చూసి మనసు మార్చుకుంటాడు. ప్రేక్షకుడు కూడా అలాగే మారాలని ఆశ. కానీ సినిమా వచ్చేసరికి దక్షిణ వియత్నాం నగరాల మీద కమ్యూనిస్టు సేనల టెట్ దాడులు జరిగి ఆరు నెలలు కావస్తోంది, అసలు యుద్ధం అప్పటికే టీవీలో ఇంటింటికీ వస్తోంది. విమర్శకులు చీల్చి చెండాడారు. డబ్బులు మాత్రం బాగానే వచ్చాయి.

దర్శకుడు కొప్పోలా తీసిన వియత్నాం యుద్ధ సినిమా ‘అపోకలిప్స్ నౌ’ది దీనికి తిరగేసిన కథ. ఒక అమెరికన్ అధికారిని చంపమని ఇంకో అధికారికి ఆదేశాలిచ్చే కథకు పెంటగాన్ సాయం చేయనంది. ఆయన ఫిలిప్పీన్స్ వెళ్లి అక్కడి అధ్యక్షుడు మార్కోస్ సైన్యం హెలికాప్టర్లు అద్దెకు తెచ్చుకున్నాడు. తిరుగుబాటుదారుల మీద దాడికి కావాల్సి వస్తే అవి షూటింగ్ మధ్యలోనే ఎగిరిపోయేవి. ఆ టెన్షన్‌తో తీసిన సినిమా 1979కి గానీ తెర మీదికి రాలేదు.

1986లో ‘టాప్ గన్’కి ఆ తిప్పలేవీ లేవు. నౌకాదళం తన జెట్లు, విమానవాహక నౌక ఇచ్చింది. సినిమా విడుదలయ్యాక కొన్ని థియేటర్ల దగ్గర నేవీ వాళ్లే టేబుళ్లు వేసుకుని కూర్చున్నారు, ఆట వదిలాక బయటికొచ్చే కుర్రాళ్లను చేర్చుకోవడానికి.