పీతల్ని చంపింది చీమ కాదు, చక్కెర

ఎర్రపీతలు రోడ్డంతా కప్పేసి సముద్రం వైపు నడిచే వీడియో చూసి ఒక పాఠకుడు అడిగారు: "ఇంత పీతని చీమలు చంపేస్తున్నాయంటే నమ్మేదెలా?" చంపడం తేలికే. పిచ్చి చీమ అనే ఈ పసుపు చీమ కుట్టదు, ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతుంది. వందల చీమలు కళ్ల మీదా నోటి మీదా చిమ్మితే పీతకి చూపు పోతుంది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణమూ పోతుంది. నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న వేరు: అన్ని చీమలకి తిండెక్కడిది?

ఇదంతా క్రిస్మస్ ఐలాండ్‌లో. జావాకి దక్షిణాన సుమారు 350 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆస్ట్రేలియా దీవి. వైశాల్యం 135 చదరపు కిలోమీటర్లు, అందులో సగానికి పైగా నేషనల్ పార్క్. పార్క్ హద్దు బుల్‌డోజర్‌ని ఆపుతుంది, ఓడ సరుకులో దాక్కుని వచ్చే చీమని ఆపదు. ఈ చీమ 20వ శతాబ్దం మొదట్లోనే వచ్చి, దశాబ్దాల పాటు కిక్కురుమనకుండా ఉంది. 1990ల చివర్లో ఒక్కసారిగా విరుచుకుపడింది. కొన్నిచోట్ల చదరపు మీటరు నేలలో వెయ్యికి పైగా చీమలు!

జవాబు నేల మీద లేదు, చెట్టు మీద ఉంది. లక్క పురుగు తెలుసుగా? దాని బంధువే ఒకటి, ఇదీ బయటి నుంచి వచ్చిందే, కొమ్మలకి అతుక్కుని రసం పీలుస్తుంది. చెట్టు రసంలో చక్కెర బోలెడు, నత్రజని మాత్రం చిటికెడు. ఒంటికి కావలసిన ఆ చిటికెడు కోసం పురుగు రసాన్ని పీలుస్తూనే ఉండాలి. మిగిలిపోయిన చక్కెర వెనక నుంచి తేనెలాంటి జిగురుగా బయటికి పోతుంది. పురుగుకి అది పెంట, చీమకి పెట్రోలు. పరుగులు తీసే పనిచీమకి కావలసింది చక్కెరే. చీమ ఊరికే తాగిపోదు, పురుగుని శత్రువుల నుంచి కాస్తుంది. కాపలా ఉంటే పురుగులు పెరుగుతాయి, పురుగులు పెరిగితే జిగురు, జిగురు పెరిగితే చీమలు. మన పాఠాల్లో ఆహారపు గొలుసు ఒకటే దిక్కుకి బాణాలు వేసి గీస్తాం. ఇక్కడ బాణం గుండ్రంగా తిరిగొచ్చి తన తోకనే తోసుకుంటోంది.

కోటికి పైగా పీతలు చచ్చాయని అంచనా. చీమలు లేని అడవిలోని పీతలు కూడా వలస దారిలో వాటికి చిక్కాయి. దాంతో ఆ అడవులూ ఖాళీ అయ్యాయి. రాలిన ఆకుల్నీ మొలకల్నీ తినే పీతలు లేక, ఊడ్చినట్టుండే నేల పొదలతో నిండింది. ఇంతకుముందు పీతలు అడ్డుకున్న ఆఫ్రికా నత్తలు లోపలికి చొరబడ్డాయి.

2002లో హెలికాప్టర్‌తో విషపు ఎర చల్లారు. చీమలు దాదాపు తుడిచిపెట్టుకుపోయి, మళ్లీ వచ్చాయి. చక్కెర కుళాయి తెరిచే ఉందిగా! దాన్ని కట్టేయడానికి 2016 డిసెంబర్‌లో మలేషియా నుంచి తెచ్చిన కందిరీగని వదిలారు. కందిరీగ అనగానే భయపడొద్దు, పొడవు 2 మిల్లీమీటర్లే, మనిషిని కుట్టదు. ఆడ లక్క పురుగులో గుడ్డు పెడుతుంది. పిల్ల లోపలి నుంచే పురుగుని తినేస్తుంది. ఆగ్నేయాసియాలో ఈ లక్క పురుగు అరుదుగా కనిపించడానికి కారణం ఇలాంటి శత్రువులే.

1935లో చెరకు పురుగుల కోసం కప్పని తెచ్చి చేతులు కాల్చుకున్న దేశం ఆస్ట్రేలియా. అందుకే ముందు ఏళ్ల తరబడి పరీక్షలు చేశారు. కప్ప దొరికినదల్లా మింగుతుంది. ఈ కందిరీగ వంశం నిలవాలంటే లక్క జాతి పురుగే కావాలి. తేడా అంతా అక్కడుంది.

ఇక పీతల లెక్క సముద్రం చేతిలో ఉంది. తొలకరికి కొండ దిగి, నెలలో చంద్రుడు సగానికి తరిగే రోజుల్లో, తెల్లవారకముందు పోటు తిరిగేటప్పుడు గుడ్లు వదులుతాయి. ఇందులో గ్రహబలం ఏమీ లేదు. ఆ రోజుల్లో ఆటుపోట్ల తేడా తక్కువ, తల్లిని అల లాక్కుపోదు. ఒక్కో ఆడపీత లక్ష గుడ్ల దాకా వదులుతుంది. చాలా ఏళ్లు పిల్లలు దాదాపు ఏవీ తిరిగిరావు. ఏదో ఒక ఏడు మాత్రం 5 మిల్లీమీటర్ల పిల్లపీతలు లక్షల్లో ఒడ్డెక్కి అడవి దారి పడతాయి. అప్పటికి ఆ దారిలో చీమలు పలచబడి ఉండాలి.