వీధి దీపాన్ని మరిచిపోయే ఫిల్మ్, ఎక్స్‌రేని మరవదు

ఫిల్మ్ కెమెరా పట్టుకుని విదేశాలకు వెళ్లేవాళ్లకి ఉండే పెద్ద టెన్షన్ ఎయిర్‌పోర్ట్ స్కానర్, దాని ఎక్స్‌రే ఇంకా కడగని ఫిల్మ్‌ని పాడుచేస్తుందని. శంషాబాద్‌లో ఎక్కి, దోహాలోనో దుబాయ్‌లోనో విమానం మారి, పారిస్ చూసి మళ్లీ అదే దారిన ఇంటికొచ్చేసరికి బ్యాగు మూడు నాలుగు సార్లు మెషీన్‌లో దూరి వస్తుంది. జనం లేని రాత్రి వీధులు తీద్దామనుకునేవాళ్లకి ఈ బెంగ ఇంకాస్త ఎక్కువే ఉండాలి. ఎందుకో తెలియాలంటే రీలు లోపలికి తొంగిచూడాలి.

ఫిల్మ్ మీద పూసిన జెలటిన్ పొరలో సిల్వర్ బ్రోమైడ్ స్ఫటికాలు కోట్ల కొద్దీ ఉంటాయి, ఒక్కోటీ మిల్లీమీటరులో వెయ్యో వంతు, అటూ ఇటూగా. ఫోటాన్, అంటే కాంతి రేణువు, వచ్చి తగిలితే ఒక ఎలక్ట్రాన్ విడిపడుతుంది, అది ఒక వెండి అయాన్‌తో కలిస్తే ఒక వెండి పరమాణువు పుడుతుంది. 1938లో గర్నీ, మాట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వివరించిన సంగతి ఇది. చిక్కేంటంటే ఒంటరి పరమాణువు నిలవదు, కాసేపట్లోనే మళ్లీ అయాన్ అయిపోతుంది. ఆలోపే రెండోది వచ్చి జతకూడాలి, అలా మూడు నాలుగు పోగైతేనే డెవలపర్, అంటే ఫిల్మ్ కడిగే రసాయనం, ఆ స్ఫటికాన్ని పట్టుకుని మొత్తం వెండిగా మార్చేస్తుంది. పగటిపూట ఫోటాన్లు కుమ్మరించినట్టు పడతాయి కాబట్టి ఇబ్బంది లేదు. రాత్రి సెన్ నది ఒడ్డున దీపం వెలుగు మాత్రం అరకొరగా అందుతుంది, రెండో ఫోటాన్ వచ్చేలోపు మొదటిది పెట్టిన గుర్తు చెరిగిపోతుంది.

అందుకే రాత్రిపూట, వెలుతురు కొలిచి ఎంత సేపు షట్టర్ తెరవాలో చెప్పే లైట్ మీటర్ మాట నమ్మి అంతే సేపు షట్టర్ తెరిస్తే ఫోటో చీకటిగా వస్తుంది. ఈ నష్టాన్ని 1890ల చివర్లో వియన్నాలో నక్షత్రాల ఫోటోలు తీస్తూ కొలిచినాయన కార్ల్ ష్వార్జ్‌షీల్డ్, తర్వాత బ్లాక్ హోళ్ల లెక్కలతో పేరొచ్చింది కూడా ఈయనకే. మనకి అంత శ్రమ లేదు. ఫిల్మ్ తయారుచేసే ఇల్‌ఫర్డ్ కంపెనీయే సూత్రం ఇస్తుంది: హెచ్‌పీ5 ప్లస్ ఫిల్మ్‌కి మీటర్ చూపిన సెకన్లకి 1.31 ఘాతం కట్టాలి. మీటర్ 10 సెకన్లు అంటే 20 సెకన్లు ఇవ్వాలి, 30 అంటే దాదాపు 86. ఫ్యూజీ అక్రాస్ 2కి 120 సెకన్ల దాకా ఏ సవరణా అక్కర్లేదు, రాత్రి వీధులకి నా ఓటు దానికే. 1930ల పారిస్ రాత్రుల్ని తీసిన బ్రస్సాయ్ అయితే సిగరెట్లతో లెక్క కట్టేవాడు, కాస్త వెలుతురుంటే ఒక గోల్వాజ్ కాలేంత సేపు, మరీ చీకటైతే ఒక బొయార్!

జనాన్ని మాయం చేసేది కూడా ఈ నిదానమే. 1838లో ఫోటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన దగేర్ పారిస్‌లో బూల్వార్ ద్యు టాంప్ల్ అనే రోడ్డుని పైనుంచి తీశాడు. బండ్లతో, మనుషులతో కిటకిటలాడే రోడ్డది. ప్లేటు మీద నిమిషాల తరబడి వెలుతురు పడింది, చూస్తే రోడ్డు ఖాళీ, ఒక మూల బూట్లు పాలిష్ చేయించుకుంటూ నిలబడిపోయిన మనిషి తప్ప. మరుసటి ఏడాది దాన్ని చూసిన శామ్యూల్ మోర్స్, అదే టెలిగ్రాఫ్ మోర్స్, తన ఉత్తరంలో ఈ బూట్లాయన సంగతి ప్రత్యేకంగా రాశాడు. లెక్క వేసి చూడండి: అర మీటరు వెడల్పున్న మనిషి సెకనుకి మీటరున్నర చొప్పున నడిస్తే, ఫ్రేములో ఏ ఒక్క చోటునైనా కప్పేది సెకనులో మూడో వంతు. 86 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో అది ఏ మూలకి? మధ్యలో ఆగి ఫోన్ చూసుకున్నవాడు మాత్రం దెయ్యంలా పడతాడు. పొద్దున్నే పెద్ద చెక్క కెమెరాతో పారిస్ వీధులు తిరిగిన అట్జే గాజు ప్లేట్లలో ఇలాంటి దెయ్యాలు చాలానే ఉన్నాయి. ఎదురొచ్చే కారు హెడ్‌లైట్లు ఈ లెక్కకి లొంగవు, గీతలు గీసి పోతాయి.

ఇక స్కానర్ దగ్గరికొద్దాం. మామూలు కాంతితో పోలిస్తే ఎక్స్‌రే ఫోటాన్‌కి వేల రెట్లు శక్తి. ఒక్కటి తగిలితే చాలు, స్ఫటికంలో ఒకేసారి బోలెడు ఎలక్ట్రాన్లు లేస్తాయి, పని అయిపోతుంది. రెండోదాని కోసం ఎదురుచూపుల్లేవు, కాబట్టి చెరిగిపోవడమూ లేదు. శంషాబాద్‌లో తగిలిందీ దోహాలో తగిలిందీ కలిసి పేరుకుంటాయి. నష్టం ముందు కనిపించేది ఫోటోలో నలుపు ఉండాల్సిన చోట, అదంతా బూడిదరంగుకి తిరిగి గరగరలాడుతుంది. రాత్రి వీధి ఫోటోలో ముప్పాతిక భాగం నలుపే కదా!

ఫిల్మ్ వెలుతురుకి ఎంత చురుకో చెప్పే అంకె ఐఎస్‌ఓ, అది 3200 ఉన్న రీలులో స్ఫటికాలు పెద్దవి, దెబ్బా పెద్దదే. బ్యాగుని అన్ని వైపుల నుంచీ ఎక్స్‌రే తీసే కొత్త సీటీ స్కానర్లలోకి ఏ ఫిల్మూ పంపొద్దని కొడాక్ చెబుతోంది. చెక్-ఇన్ బ్యాగులో అసలే వద్దు, అక్కడి మెషీన్లు ఇంకా తీవ్రం. సీసం సంచీలో పెడితే తెర మీద నల్లటి ముద్ద కనిపించి, ఎలాగూ సంచీ విప్పిస్తారు. రీళ్లన్నీ డబ్బాల్లోంచి తీసి, పారదర్శకంగా ఉండే జిప్ కవర్లో వేసి, చేత్తో చూడమని మర్యాదగా అడగండి. అమెరికాలో ఈ వెసులుబాటు నిబంధనల్లోనే ఉంది, మిగతా చోట్ల చాలావరకు ఎదురుగా ఉన్న ఆఫీసర్ దయ.

రాత్రి కదా అని ఫాస్ట్ ఫిల్మ్, అంటే ఎక్కువ ఐఎస్‌ఓ ఉన్నది, కొనకండి, చిన్న ట్రైపాడ్, కెమెరా కదలకుండా షట్టర్ నొక్కే కేబుల్ రిలీజ్, ఐఎస్‌ఓ 100 రీలు చాలు. కుదిరితే రీళ్లు కూడా అక్కడే కొనండి, పారిస్‌లో అయితే పాత కెమెరా షాపులకి పేరున్న బూల్వార్ బోమార్షే ఉంది. వచ్చేముందే కడిగించేసుకుంటే ఇంకా నయం, కడిగిన నెగటివ్‌ని ఎన్ని స్కానర్లలోంచి పంపినా దానికేమీ కాదు.