కొండ కూలిన చోట రైన్ నది

యూరప్‌లో సుమారు 1,230 కిలోమీటర్లు పారే రైన్ నదికి పై కొసన, స్విట్జర్లాండ్ ఆల్ప్స్ పర్వతాల్లో, రెండు పాయలున్నాయి. అందులో ఒకటి ఫోర్డర్‌రైన్. సముద్రమట్టానికి 2,345 మీటర్ల ఎత్తున ఉన్న టూమా అనే చిన్న సరస్సు దీని పుట్టుచోటని చెబుతారు. ఒబెరాల్ప్ కనుమ దాకా రైల్లో వెళ్ళి, అక్కడినుంచి గంటన్నర నడిస్తే సరస్సు వస్తుంది. ఆ కనుమలో ఎర్రటి లైట్‌హౌస్ ఒకటి నిలబెట్టారు. నది సముద్రంలో కలిసే వైపు, నెదర్లాండ్స్ తీరంలో ఒకప్పుడు ఉండిన లైట్‌హౌస్‌కి అది నకలు. ఓడలు రాని చోట లైట్‌హౌస్! ఎవరి ఆలోచనో గానీ భలే చమత్కారం.

అయినా ఈ నదిలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది పుట్టుక కాదు, కిందికి దిగాక ఇలాంట్స్ అనే ఊరు దాటిన తర్వాత వచ్చే లోయ. దాదాపు 9,500 ఏళ్ళ కిందట ఫ్లిమ్స్ అనే ఊరికి పైనున్న కొండలో పెద్ద భాగం జారి నదికి అడ్డంగా పడింది. పడిన రాయి పది ఘన కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుందని అంచనా. ఆల్ప్స్‌లో మనకు తెలిసినంతవరకు ఇంతకన్నా పెద్ద కొండచరియ విరిగిపడలేదు. దారి మూసుకుపోయేసరికి వెనక సరస్సు నిండింది. తర్వాత నీళ్ళు గట్టు తెంచుకుని, ఆ రాళ్ళ గుట్టనే కోసుకుంటూ కిందికి దిగాయి. అలా తయారైందే రుయినాల్టా లోయ. పొడవు సుమారు 13 కిలోమీటర్లు, గోడలు కొన్నిచోట్ల 300 మీటర్లకు పైనే.

ఆ తెల్లటి గోడల్లో ఒక వింత ఉంది. అంత ఎత్తునుంచి పడ్డా సున్నపురాయి పూర్తిగా కలగాపులగం కాలేదు. చాలాచోట్ల పొరల వరుస అలాగే ఉంది, కానీ ప్రతి పొరా లోపల నుజ్జునుజ్జయింది. దూరంనుంచి చూస్తే గట్టి బండే అనిపిస్తుంది. వానకీ వరదకీ మాత్రం రాలుతూనే ఉంటుంది. ఆ రాలిన రాయే నదిలో గులకరాళ్ళ మేటలవుతుంది. అంటే లోయ ఇంకా తయారవుతూనే ఉందన్నమాట.

రాఫ్టింగ్‌కి, కయాకింగ్‌కి ఈ లోయకు పేరు రావడానికీ ఆ కొండ కూలడమే కారణం. ఇలాంట్స్ దగ్గర పడవెక్కి దిగువనున్న రైఖెనౌ అనే ఊరి వైపు దిగుతారు. మే, జూన్‌లలో మంచు కరిగి నీళ్ళు వడిగా ఉంటాయి. లోయ అడుగున కారు రోడ్డు లేదు. 1903లో వేసిన రైలు మార్గమే నదిని ఆనుకుని సాగుతుంది. అందుకే పడవ దిగినవాళ్ళు తిరిగి రావడానికీ, నడిచి అలసినవాళ్ళకూ రైలే దిక్కు.

ఎండ కాస్తోంది కదా అని మేట మీద తీరిగ్గా పడుకోవడం మాత్రం మంచిది కాదు. పైన జలవిద్యుత్ కేంద్రాలున్నాయి. కరెంటు అవసరాన్ని బట్టి నీళ్ళు వదిలితే, వాన లేకపోయినా మట్టం పెరుగుతుంది. పైగా వసంతంలో, వేసవి మొదట్లో ఉల్లంకి పిట్టలు ఆ గులకరాళ్ళ మధ్యే గుడ్లు పెడతాయి. రాయికీ గుడ్డుకీ తేడా తెలియదు, కాలు వేస్తే అంతే. అందుకని ఆ రోజుల్లో కొన్ని మేటల మీద పడవలు ఆపనివ్వరు.