పిక్క మీది ముళ్లు, ఒంటి మీది బంతులు

దీపావళి దగ్గరపడేసరికి రాజేంద్రనగర్ వైపు ఇళ్లలో ట్యూబ్‌లైట్ కింద పచ్చటి చిన్న పురుగులు గుంపులుగా చేరతాయి. "ఇవన్నీ ఒకటే జాతా? దోమల మందు కొట్టినా ఎందుకు తగ్గడం లేదు?" అని అక్కడి పాఠకురాలొకరు ఫొటో పంపి అడిగారు. రెండో ప్రశ్న తేలిక. ఇవి దోమలు కావు, నిలవనీళ్లలో పుట్టవు. వరి మీద పెరిగి, కోతల వేళకి వెలుతురున్న వైపు ఎగిరొస్తాయి. బాల్కనీ లైటు ఆర్పేస్తే సగం పీడ పోతుంది. ఫొటోలో ఉన్నది పచ్చదీపపు పురుగు, నెఫోటెటిక్స్. రెక్కల కొసలు నల్లగా ఉన్నాయి కాబట్టి మగది.

ఈ పురుగుల్ని చంపడానికే పెద్దలు దీపావళి పెట్టారని ఏటా వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతుంది. వెలుతురుకి వస్తాయన్న మాట నిజం, పొలాల్లో దీపపు ఎరలు పెట్టేది అందుకే. అలాగని ఒక్క రాత్రి ప్రమిదలతో ఎకరాల్లోని పురుగు పోదు. పండగని పండగలా చేసుకుంటే సరిపోతుంది, దానికి సైన్సు సర్టిఫికెట్ ఎందుకో నాకర్థం కాదు.

ఇక మొదటి ప్రశ్న. దీపపు పురుగుల కుటుంబం పేరు సికాడెల్లిడే. ఇప్పటికి పేరు పెట్టిన జాతులే 20,000 పైన. పచ్చనివీ, గోధుమరంగువీ, ఎర్రచారలవీ ఉన్నాయి కాబట్టి రంగు చూసి పోల్చుకోలేం. భూతద్దం పెట్టి వెనక కాలు చూడాలి. పిక్క భాగం పొడవునా ముళ్లు వరుసలుగా ఉంటే అది దీపపు పురుగు. వరిని సుడులు సుడులుగా ఎండగొట్టే సుడిదోమకి ఈ వరుసలుండవు, పిక్క చివర కదిలే పెద్ద ముల్లొకటి ఉంటుంది. అది వేరే కుటుంబం.

ఆ ముళ్ల వరుసలు మనం గుర్తుపట్టడానికి పుట్టినవి కావు. దీపపు పురుగు కుబుసం విడిచాక పాలలాంటి చుక్కొకటి విసర్జించి, వెనక కాళ్లతో ఒళ్లంతా పూసుకుంటుంది. ఆరాక ఆ ముళ్లతోనే దువ్వుకుంటూ రెక్కల మీదికంతా సర్దుకుంటుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే ఆ పూతంతా బంతులే. వీటిని మొదట చూసింది 1952 ప్రాంతంలో. పేరు బ్రోకోసోములు.

ఫుట్‌బాల్ మీద షడ్భుజాల ముక్కలు 20, పంచభుజాల ముక్కలు 12 ఉంటాయి కదా. ఆ తోలు ముక్కలన్నీ కోసేసి కుట్లు మాత్రం మిగిల్చారనుకోండి. లోపల గాలిసంచీ కూడా తీసేయండి. మామూలు బ్రోకోసోము అచ్చం అదే: బోలు బంతి, ప్రతి ముక్క స్థానంలో ఒక రంధ్రం. తోలుకి బదులు ప్రొటీను. అర మైక్రాన్ సైజువి పక్కపక్కనే పేరిస్తే ఒక మిల్లీమీటరులో రెండు వేలు పడతాయి. వాన నీరు గానీ, పురుగు తన ఒంట్లోంచి వదిలే జిగురు తేనెమంచు గానీ ఈ బంతుల నెత్తి మీదే నిలిచి జారిపోతుంది, రెక్కని తాకదు. మూడు మిల్లీమీటర్ల ప్రాణికి ఒక్క నీటిచుక్కలో అతుక్కుపోవడం చావుతో సమానం, అందుకే ఇంత తయారీ.

రంధ్రాలకీ పనుంది. వాటి వెడల్పు అతినీలలోహిత కాంతి తరంగం కన్నా చిన్నది, ఆ కాంతి లోపలికి పోయి చిక్కుకుంటుంది. బంతి సైజేమో మన కంటికి ఆనే కాంతిని చెదరగొడుతుంది. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఇదే ఆకారాన్ని పెద్ద సైజులో ముద్రించి కొలిస్తే, ఉపరితలం నుంచి ప్రతిఫలించే కాంతి 94 శాతం దాకా తగ్గింది. 2024లో ప్రచురించారు. పక్షులు అతినీలలోహితాన్ని చూడగలవు. మెరవని పురుగు వాటి కంట తొందరగా పడదు.

ఇంతకీ ఈ బంతులు తయారయ్యేది మాల్పీజియన్ నాళికల్లో. ఇంటర్ బైపీసీ పిల్లలందరికీ ఆ పేరు నోటికొచ్చు, బొద్దింక విసర్జకాంగం, రెండు మార్కులు. అవే నాళికల్లో ఒక భాగాన్ని ఇంకో పురుగు నానో ఫ్యాక్టరీగా మార్చుకుందని మాత్రం ఏ గైడూ చెప్పదు. కొన్ని జాతుల ఆడవి గుడ్లు పెట్టే ముందు పొడుగాటి కడ్డీల్లాంటి బ్రోకోసోములు చేసి, రెక్కల మీద తెల్లమచ్చగా దాచుకుని, గుడ్ల మీద చల్లుతాయి.

ఉపకుటుంబాలు చాలా ఉన్నాయి, తిండి తీరుని బట్టి చూస్తే కొంత పట్టు దొరుకుతుంది. టిఫ్లోసైబినేలో చాలావరకు ఆకు కణాల్ని పీల్చేవి. పత్తికి వచ్చే పచ్చదోమ, అమ్రాస్కా బిగుట్టులా, ఇందులోదే. అది పట్టిన చేలో ఆకుల అంచులు పసుపెక్కి, తర్వాత ఎర్రబడి ముడుచుకుపోతాయి. డెల్టోసెఫాలినే ఆకుల్లో తయారైన చక్కెర రసాన్ని మోసే పోషక కణజాలంలో సూది గుచ్చేవి. వరికి టుంగ్రో వైరస్, నువ్వులకి వెర్రి తెగులు మోసేవి వీటిలోవే. సికాడెల్లినే దారువులోని, అంటే వేళ్ల నుంచి నీటిని పైకి మోసే గొట్టాల్లోని, నీళ్లు తాగేవి. ఆ నీళ్లలో పోషకాలు దాదాపు సున్నా కాబట్టి కొన్ని రోజుకి తమ బరువుకి 300 రెట్ల దాకా విసర్జిస్తాయి. మామిడి పూతని మాడ్చే తేనెమంచు పురుగులు ఇంకో గుంపు.

ఉపకుటుంబం తేలినా జాతి తేలదు. పక్కపక్కన పెడితే తేడా తెలియని రెండు పచ్చ పురుగుల్ని విడదీయాలంటే, మగదాని పొట్ట కొసని క్షారంలో ఉడకబెట్టి, లోపలి జననాంగం ఆకారం చూడాల్సిందే. ఆడవి మాత్రమే దొరికితే నిపుణులు కూడా చాలాసార్లు ప్రజాతి (జాతికి పై మెట్టు) పేరు రాసి ఊరుకుంటారు.

డీఎన్ఏ వచ్చాక చిక్కు తగ్గకపోగా పెరిగింది. ఊరి చివర తుమ్మకొమ్మ మీద ముల్లులా నక్కి, చుట్టూ చీమల్ని పెట్టుకుని కూర్చునే కొమ్ముల పురుగులు కనిపిస్తాయి. వాటిని మెంబ్రాసిడే అని వేరే కుటుంబంగా పాఠాల్లో చదివాం. 2017లో వందలాది జన్యు భాగాలు పోల్చి గీసిన వంశవృక్షంలో అవి దీపపు పురుగుల కొమ్మల మధ్య నుంచే పుట్టుకొచ్చాయి. వాటిని బయట ఉంచితే సికాడెల్లిడే, ఒకే పూర్వీకుడి సంతతిలో కొన్నిటిని వదిలేసిన అసంపూర్ణ కుటుంబం అవుతుంది. లోపలికి తెస్తే కుటుంబాల పేర్లే తిరగరాయాలి. నిపుణులు ఇప్పటికి రెండు పాత పేర్లనీ అలాగే వాడుకుంటున్నారు.