చెవి పోగు, పొట్ట ట్యూబు

మల్కాజిగిరి నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "పక్షవాతం వచ్చాక మా నాన్నగారికి పొట్టకు పెగ్ ట్యూబు (ఆహారాన్ని నేరుగా జీర్ణాశయంలోకి పంపే గొట్టం) వేశారు. ఏడాది దాటాక, మింగడం వచ్చిందని తీసేశారు. నెల అయింది. ఇప్పటికీ టీ తాగితే పొట్ట మీద బట్ట తడుస్తోంది. ఆపరేషన్ తప్పదా?"

తప్పే అవకాశం ఉంది. ట్యూబు ఎలా వేస్తారో వదిలేసి, చెవుల గురించి మాట్లాడుకుందాం.

పసిపిల్లకు చెవులు కుట్టించిన వారంలో పోగు ఊడితే ఇంట్లో ఎంత హడావుడి! పూడుకుపోతుందని అమ్మమ్మ వేపపుల్ల పట్టుకుని పరిగెత్తుకొస్తుంది. అదే అమ్మమ్మ నెలల తరబడి కమ్మలు తీసేసినా ఆవిడ చెవి రంధ్రం మాత్రం చెక్కుచెదరదు. తేడా అంతా రంధ్రం గోడలో ఉంది. కొత్త రంధ్రానిది పచ్చి గోడ. రెండు పచ్చి అంచులు ఆనుకుంటే అతుక్కుంటాయి. పాతదాని లోపలంతా చర్మం పాకి ఉంటుంది. చర్మం చర్మానికి అతకదు. రాత్రంతా మన వేళ్లు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి, ఏ పొద్దునా అతుక్కుని లేవం. కానీ కాలిన చేతికి కట్టు కట్టే నర్సు వేలికీ వేలికీ మధ్య గుడ్డ పెడుతుంది, లేకపోతే అవి కలిసిపోతాయి.

పొట్టలోని దారీ అంతే. ట్యూబు తీశాక మామూలుగా ఒకటి నుంచి మూడు రోజుల్లో మూసుకుంటుంది. నెలల తరబడి ఉంటే మాత్రం పైనుంచి చర్మం, లోపలినుంచి జీర్ణాశయపు పొర పాకి, ఎదురెదురుగా వచ్చి కలుస్తాయి. అలా పూడకుండా మిగిలిపోయిన దారే గ్యాస్ట్రోక్యుటేనియస్ ఫిస్టులా. 1822లో తుపాకి గుండు తగిలిన అలెక్సిస్ సెయింట్ మార్టిన్ పొట్టకు ఇలాగే రంధ్రం మిగిలింది. ఆయనకు వైద్యం చేసిన అమెరికా సైనిక డాక్టర్ విలియం బోమాంట్ పట్టుదారానికి మాంసం ముక్కలు కట్టి అందులోకి దించి, జీర్ణక్రియను కళ్లారా చూశాడు. సెయింట్ మార్టిన్ 1880లో చనిపోయేదాకా అది పూడలేదు!

కాబట్టి వైద్యం కిటుకు ఒక్కటే: పాత రంధ్రాన్ని మళ్లీ పచ్చి గాయం చేయడం. సిల్వర్ నైట్రేట్ పుల్లతో లోపలి పొరను కాలుస్తారు. వెండి అయాన్లు ప్రోటీన్లను గడ్డకట్టించి పొరను చంపుతాయి. దానితో పనవకపోతే ఎండోస్కోపీ, అంటే నోటిగుండా కెమెరా గొట్టం (స్కోపు) దించడం. బ్రష్‌తో గీకో, ఆర్గాన్ ప్లాస్మాతో (కరెంటు పారే ఆర్గాన్ వాయువుతో) కాల్చో దారిని పచ్చి చేసి, జీర్ణాశయం వైపున క్లిప్పు వేస్తారు. కొన్ని క్లిప్పులు నికెల్, టైటానియం కలిసిన నిటినాల్‌తో చేసినవి. సాగదీసి స్కోపు కొనకు తొడుగుతారు. వదిలీ వదలగానే పాత ఆకారం గుర్తొచ్చినట్టు మొసలి నోరులా మూసుకుని గోడను కరిచి పడతాయి.

ఈలోగా ఆమ్లం తగ్గాలి. అది కారుతుంటే మానే కణజాలం నిలవదు, చుట్టూ చర్మం పొక్కిపోతుంది. జీర్ణాశయంలో ప్రోటీన్లను కరిగించే ఎంజైమ్ పెప్సిన్. దాని పదునంతా పీహెచ్ 2 దగ్గర (పీహెచ్ ఎంత తక్కువైతే ఆమ్లం అంత ఘాటు). పాంటోప్రజోల్ లాంటి మందు పీహెచ్‌ను పెంచి దాన్ని మొద్దుబారుస్తుంది, ఊరే రసమూ తగ్గుతుంది. చర్మానికి జింక్ ఆక్సైడ్ పూత. జీర్ణాశయం ముందుకు ఖాళీ కాకుండా ఎక్కడైనా అడ్డం ఉంటే ఇవేవీ నిలవవు. డ్రైనేజీ జామైతే నీళ్లు పైకి తన్నినట్టే.

రంధ్రంలో కాఫీపొడి, పసుపు కూరకండి. "పప్పు తింటే చీము పడుతుంది" అని ఆయన నోరు కట్టేయకండి కూడా, కొత్త కణజాలం కట్టడానికి ప్రోటీన్ కావాలి. షుగర్ ఉంటే అదుపులో పెట్టించండి. జ్వరం, చీము, కడుపునొప్పి ఉంటే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. రెండు మూడు ప్రయత్నాలు పట్టొచ్చు, కొందరికి చివరికి ఆపరేషనే దిక్కవుతుంది.

ట్యూబు ఇంకా అవసరమున్నవారికి రాత్రి పొరపాటున అది ఊడిపోతే మాత్రం కథ తలకిందులు. అప్పుడు అమ్మమ్మ కంగారే సరైన కంగారు, కొన్ని గంటల్లోనే దారి ముడుచుకుపోతుంది. అలాగని ఇంట్లోనే మళ్లీ గుచ్చకండి, కొత్తగా వేసిందైతే అసలే వద్దు, దారి తప్పి పొట్ట కుహరంలోకి దిగొచ్చు. ఊడిన ట్యూబును సంచిలో వేసుకుని ఆ రాత్రే ఆసుపత్రికి బయల్దేరండి.